అత్తగారు శాకాహారం, మావగారు బాతుకి సిద్ధం: స్టాక్‌హోమ్‌లో వీధి చివరి ఫ్రెంచ్ బిస్ట్రోకి తీసుకెళ్ళొచ్చా?

ఆకుకూర_ఎక్కడ · వాసస్తాన్ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అత్తగారూ మావగారూ తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. ఈ నెలాఖరుకి వాళ్ళ పెళ్ళై నలభై ఏళ్ళు నిండుతాయి. ఇంట్లో పులిహోర, బొబ్బట్లు ఎలాగూ ఉంటాయి. ఒక పూటైనా బయట కూర్చుని, ఎవరో వడ్డిస్తే తిందామని నా కోరిక. ఆ పూట గిన్నెలు తోమే పని తప్పుతుందన్న ఆశ కూడా ఉందనుకోండి.

మా వీధి చివర ఓ ఫ్రెంచ్ బిస్ట్రో ఉంది. మహా అయితే పన్నెండు టేబుళ్ళు. ఎర్ర రెక్సిన్ బెంచీలు, గోడకి నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో రాసిన వంటలు, చీకటి పడితే కిటికీలో కొవ్వొత్తులు. రెండేళ్ళుగా దాని ముందే బస్సెక్కుతున్నాను, లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. లోపలున్నవాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళలా ఉంటారు, మనం వెళ్తే పెళ్ళికి పిలవని చుట్టంలా ఉంటుందేమో అని.

అత్తగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మావగారు కోడి, చేప తింటారు. బీఫ్, పంది వద్దంటారు గానీ కొత్తది రుచి చూడాలని సరదా ఎక్కువ. 25వ తారీఖు, శనివారం రాత్రి ఏడున్నరకి వెళ్దామనుకుంటున్నాం. నలుగురం. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి: వెళ్ళొచ్చా, ఆకలితో తిరిగొచ్చి పెరుగన్నం కలుపుకోవాలా?

కిస్టా_కుర్రాడు · కిస్టా · సోమవారం రాత్రి 9:52

అక్కా, 25వ తారీఖు శనివారమా! ఇక్కడ జీతాలు పడేది 25న. అది శనివారమైతే శుక్రవారమే పడతాయి. ఆ వారాంతానికి వీళ్ళు 'లోనెహెల్గ్' అని పేరే పెట్టుకున్నారు, అంటే జీతాల వారాంతం. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. పన్నెండు టేబుళ్ళ చోట ఏడున్నరకి నలుగురికి చోటు, అదీ ఇప్పుడు అడిగితే? తిరుమలలో బ్రహ్మోత్సవాలప్పుడు రూమ్ దొరికినట్టే.

వడ్డన · సోదర్మాల్మ్ · సోమవారం రాత్రి 10:15

మాస్టర్స్ చదివే రోజుల్లో రెండేళ్ళు ఇలాంటి చోటే పళ్ళేలు మోశాను, కాబట్టి లోపలి మాట చెప్తాను.

శని, శుక్రవారాల్లో చిన్న బిస్ట్రోలు రెండు విడతలుగా టేబుళ్ళిస్తాయి. ఐదింటికో ఐదున్నరకో ఒకటి, ఏడున్నర ఎనిమిదికి రెండోది. మొదటి విడతలో వెళ్తే రెండు గంటల్లో లేవాలి. ఇది మీ మీద కోపంతో కాదు, అద్దె కట్టాలి కదా. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది మంగళవారమో బుధవారమో. బుధవారాన్ని వీళ్ళు 'లిల్‌లోర్దాగ్' అంటారు, చిన్న శనివారం అని, అది కొంచెం హడావిడి. మంగళవారం ఖాళీ. వంటవాడికి తీరిక ఉంటుంది, వడ్డించే అమ్మాయి మీ ప్రశ్నలు వింటుంది. అసలు కిటుకు అదే.

రెండోది. వెళ్ళాక అక్కడ అడుగుదాంలే అనుకోకండి. ముందురోజు ఫోన్ చేసి "ఒకరు శాకాహారి, గుడ్డు వద్దు, మాంసం రసం కూడా వద్దు" అని చెప్పండి. చిన్న వంటగదిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మధ్యాహ్నమే తెలిస్తే ఏదో ఒకటి ఆలోచిస్తారు, రాత్రి ఏడింటికి తెలిస్తే సలాడ్ ఇస్తారు.

పప్పుచారు_ప్రియ · సోలెంతూనా · సోమవారం రాత్రి 10:31

'మాంసం రసం కూడా వద్దు' అన్న మాటకి కింద గీత గీసుకోండి. నేను దెబ్బతిన్నదాన్ని.

మొదటి శీతాకాలం. వణుక్కుంటూ ఒక చోటికి వెళ్ళాం. మెనూలో ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్ కనిపించింది. ఉల్లిపాయలు, రొట్టె, ఛీజ్, ఇంకేం కావాలి అనుకున్నా. ఎంత బాగుందో చెప్పలేను. గిన్నె అడుగు దాకా తిన్నాక మా ఆయన అడిగాడు, ఆ గోధుమరంగు దేంట్లోంచి వచ్చిందని. ఉల్లిపాయల్ని గంటసేపు వేయించడం వల్ల కొంత. మిగతాదంతా ఎద్దు ఎముకలు కాచిన రసం! ఆ సూప్ సంప్రదాయంగా చేసేదే అలా. వాళ్ళ తప్పు లేదు, నేను అడగలేదు.

ఇంకోటి చెప్తా, నవ్వకండి. మధ్యాహ్నం భోజనాల బోర్డు మీద 'నోత్‌గ్రీతా' అని చూశా. 'నోత్' అంటే జీడిపప్పు, అక్రోటు లాంటి గింజ అని స్వీడిష్ క్లాసులో ముందు రోజే నేర్చుకున్నా. గింజల కూర కాబోలు అని లైన్లో నిలబడ్డా. గొడ్డు మాంసానికీ అదే మాట. పళ్ళెంలో పడ్డాక తెలిసింది. ఇప్పటికీ ఆ రోజు తలచుకుంటే క్లాసు టీచరు మీద కోపం.

గోదారోడు · కుంగ్స్‌హోల్మెన్ · మంగళవారం ఉదయం 7:05

మావగారి సంగతి నేను చూసుకుంటా. ఆయన చేత బాతు తినిపించండి. కోడి తినేవారికి బాతు దూరం కాదు కదా. 'అంక్‌లోర్ కాన్‌ఫీ' అని రాసుంటుంది.

కాన్‌ఫీ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదండి. బాతు కాళ్ళకి ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచుతారు. తర్వాత బాతు కొవ్వులోనే ముంచి సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గిస్తారు. ఉడికాక అదే కొవ్వులో మునిగేలా ఉంచితే గాలి తగలదు, నెలల తరబడి చెడదు. ఆవకాయ జాడీలో ముక్కల మీద నూనె రెండు వేళ్ళు తేలాలని అమ్మ ఎందుకు పోరుతుంది? అందుకే. ఫ్రాన్స్ నైరుతి మూల పల్లెల్లో ఫ్రిజ్‌లు లేని రోజుల నిలవ పచ్చడి ఇది. బిస్ట్రోలో చివర్లో పెనం మీద తోలు కరకరలాడేలా కాల్చి తెస్తారు. ఫోర్క్ తగిలితే చాలు ఎముక వదిలేస్తుంది.

చేప కావాలంటే ఆ రోజు ఏం వచ్చిందో అడగండి. భీమవరం వాడిగా చెప్తున్నా, చేపని వీళ్ళు పాడుచెయ్యరు. కారం మాత్రం ఆశించకండి. ఆల్చిప్పలు వేపుడు బంగాళాదుంపలతో దొరుకుతాయి, గిన్నె నిండా వస్తాయి, వైన్‌లో ఉడికిస్తారు. మావగారు ఆల్చిప్పల దాకా వస్తారో లేదో మీకే తెలియాలి.

ఓరుగల్లు_బిడ్డ · హుస్బీ · మంగళవారం ఉదయం 8:20

నాకైతే ఒక్క ముచ్చట సమజ్ గాదు. నలుగురు తింటే ఎంతైతది? మేమిద్దరం పోయినం పోయిన ఏడు, బిల్లు నాకింకా యాదికుంది. ఒక స్టార్టర్ ఇద్దరం పంచుకున్నం, 165. నాకు చేప 295. మా ఆమెకు కూరగాయల పళ్ళెం 215. స్వీటు ఒకటి 110. గ్లాసు వైన్ 145. మొత్తం 930 క్రోనర్లు. మా అమ్మకు ఫోన్ల చెప్తే రూపాయలల్ల లెక్కగట్టి "ఎనిమిది వేల పైన? దావతిచ్చినవా బిడ్డా ఎవలకన్న?" అన్నది.

ఇగ ఆ కూరగాయల పళ్ళెమంటే ఏందనుకున్నరు? ఒక దుంప. ఒక్కటే దుంప. నాలుగు చెక్కలు కోసి, మీదికెళ్ళి వెన్న పోసి, పక్కన నాలుగు ఆకులు వెట్టిండ్రు. సెలరీ గడ్డ అంట. ఉప్పు తప్ప ఏం లేదు దాంట్ల. ఆ పైసలతోని ఇంట్ల బగారన్నం, దాల్చ పదిమందికి పెడుదు.

గోదారోడు · మంగళవారం ఉదయం 8:44

అన్నా, ఆ లెక్కన చూస్తే ఇంట్లో కాఫీ తాగితే రెండు క్రోనర్లే, మరి రోజూ ఆఫీసు కింద కెఫేలో ఎందుకు నిలబడతావు?

ఓరుగల్లు_బిడ్డ · మంగళవారం ఉదయం 8:47

అది ఆఫీసు పైసలు, తమ్మీ.

వడ్డన · మంగళవారం మధ్యాహ్నం 12:30

బిల్లు భయం ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం భోజనం ఉంది. వారం దినాల్లో పదకొండు నుంచి రెండు దాకా చాలా బిస్ట్రోలు 'దాగెన్స్' పెడతాయి. ఆ రోజు వంట, దాంతో రొట్టె, సలాడ్, చివర్లో కాఫీ కలిపి మా వైపు 155 క్రోనర్ల దగ్గర ఉంది. అదే వంటగది, అదే వంటవాడు. రాత్రి కొవ్వొత్తి ఉండదు, అంతే తేడా.

రాత్రైనా తగ్గించుకోవచ్చు. నీళ్ళకి డబ్బు పెట్టకండి, కుళాయి నీళ్ళే అడగండి, జగ్గులో తెచ్చి పెడతారు, ఊరికే. బిల్లు కింద పన్ను రెండు రకాలుగా కనిపిస్తుంది: తిండి మీద 12 శాతం, మందు మీద 25 శాతం. మెనూలో ధరల్లోనే అవి కలిసి ఉంటాయి, పైన ఎవరూ ఏమీ వెయ్యరు. వైన్ మానేస్తే బిల్లు మూడో వంతు తగ్గినట్టే అనుకోండి.

ఇంకా గుడ్డు సంగతి. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగితే హోటల్ వాళ్ళు చెప్పి తీరాలి. వాటిలో గుడ్డు, పాలు, గింజలు, ఆవాలు, ఓరుగల్లు అన్న తిట్టుకున్న సెలరీ కూడా ఉన్నాయి. అందుకే "ఇందులో గుడ్డుందా" అంటే టక్కున జవాబొస్తుంది. ఎముకల రసం ఆ 14లో లేదు. అందుకే దాన్ని మీరే పేరు పెట్టి అడగాలి, 'బుల్‌యాంగ్' అని. పప్పుచారు గారికి జరిగింది అదే.

కిస్టా_కుర్రాడు · మంగళవారం మధ్యాహ్నం 1:10

జనరల్ నాలెడ్జి: 1814లో రష్యా సైనికులు పారిస్‌లో దిగి, హోటళ్ళలో "బిస్త్రో, బిస్త్రో" అని అరిచేవాళ్ళట. రష్యన్‌లో త్వరగా అని. అలా పుట్టింది బిస్ట్రో పేరు. మరి వీళ్ళు మెయిన్ కోర్సుకి నలభై నిమిషాలు తీసుకుంటారేం?

పాత_స్టాక్‌హోమీ · బ్రొమ్మా · మంగళవారం మధ్యాహ్నం 2:25

బాబూ, ఆ కథ టూరిస్టు గైడ్ల కథ. పారిస్ మోంమార్త్‌లో దానికి ఫలకం కూడా పెట్టుకున్నారు. కానీ ఆ మాట ఫ్రెంచ్ రాతల్లో కనిపించేది 1880ల్లో. మధ్యలో డెబ్భై ఏళ్ళు ఆ మాట ఎక్కడ దాక్కుంది? భాషావేత్తలు నమ్మరు.

నమ్మదగ్గ కథ ఇక్కడిదే ఒకటుంది. 1810లో స్వీడన్ వాళ్ళకి వారసుడు కరువై, నెపోలియన్ మార్షల్ ఒకరిని పిలిచి యువరాజుని చేసుకున్నారు. జాన్ బాప్తిస్త్ బెర్నదోత్. 1818లో పధ్నాలుగో కార్ల్ యోహాన్‌గా గద్దెనెక్కాడు. ఇప్పటి రాజు కుటుంబం ఆయన వంశమే. స్వీడిష్ మాట్లాడటం ఆయనకి చివరిదాకా పట్టుబడలేదు. ఆయన పుట్టింది పో అనే ఊళ్ళో, బేయార్న్ అనే సీమలో. ఇప్పుడు ఏ బిస్ట్రోకైనా వెళ్ళి స్టీక్ చెప్పండి, పక్కన తెచ్చే పసుపుపచ్చటి చిక్కటి సాస్ పేరు బేయార్నేజ్. ఆ సీమ పేరే. స్వీడిష్ వాళ్ళకి దాని మీద ఎంత మోజంటే పిజ్జా మీద కూడా పోసుకుంటారు. రాజు తెచ్చాడని కాదు, ఆ సాస్ ఆయన పోయాక ఎప్పటికో గానీ ఇక్కడ ఇంటింటికీ చేరలేదు. కానీ ఆ సాస్ గిన్నె చూసినప్పుడల్లా నాకు రాజుగారే గుర్తొస్తారు.

ఫ్రెంచ్ మోజు ఈ ఊరికి కొత్త కాదు. బిర్యెర్‌యార్ల్స్‌గాతన్‌లో రీష్ అనే రెస్టారెంట్ 1893 నుంచి ఉంది. పారిస్‌లోని కఫే రీష్ చూసి పెట్టిన పేరు. అసలు 'క్వార్టెర్‌' అన్న స్వీడిష్ మాటకి మూలం ఫ్రెంచే. వీధి చివరి హోటల్‌ని వీళ్ళు 'క్వార్టెర్స్‌క్రూగ్' అంటారు. పేట హోటల్ అన్నమాట. ఆ చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళ కోసమే ఉండేది. ఆకుకూర గారూ, మీరు ఆ నాలుగు వీధుల్లోనే ఉంటున్నారు. పిలవని చుట్టం మీరెలా అవుతారు?

ఓరుగల్లు_బిడ్డ · మంగళవారం మధ్యాహ్నం 2:40

సారు మళ్ళ క్లాసు షురూ జేసిండు 🙂 గని గా ఆఖరి ముచ్చట మంచిగున్నది.

పాత_స్టాక్‌హోమీ · మంగళవారం మధ్యాహ్నం 2:58

అయితే ఇంకోటి కూడా విను. 1955 దాకా ఇక్కడ మందుకి రేషన్ పుస్తకం ఉండేది, 'మోత్‌బూక్' అని. పెళ్ళైన ఆడవాళ్ళకి ఆ పుస్తకమే ఇచ్చేవాళ్ళు కాదు. హోటల్లో సారా తాగాలంటే ముందు తిండి చెప్పి తీరాలి. ఎవరూ తినని ఒకే శాండ్‌విచ్ టేబుల్ నుంచి టేబుల్‌కి తిరిగేదని ముసలాళ్ళు కథలు చెప్తారు. ఆ దెబ్బకి హోటల్ అంటే ఏడాదికోసారి సూటేసుకుని వెళ్ళే చోటైపోయింది చాలామందికి. నేనొచ్చిన కొత్తలో కూడా మా ఆఫీసులో పెద్దవాళ్ళు మంగళవారం రాత్రి బయట తిన్నామంటే ఏదో తప్పు చేసినట్టు చెప్పేవాళ్ళు. ఇప్పటి పిల్లలకి అది తెలీదు.

పప్పుచారు_ప్రియ · మంగళవారం సాయంత్రం 6:12

చరిత్ర అయ్యాక అత్తగారి పళ్ళెం దగ్గరికి వద్దామా?

గుడ్డు లేకుండా బిస్ట్రోలో దొరికేవి నాకు తెలిసినంతలో: బంగాళాదుంపల గ్రాతాన్ దోఫినువా. దుంపల్ని పల్చటి బిళ్ళలుగా కోసి, వెల్లుల్లి, మీగడతో ఓవెన్‌లో పెడతారు. పద్ధతిగా చేస్తే గుడ్డుండదు. మాంసం పక్కన ఇచ్చే వంటకం అది, విడిగా పెద్ద గిన్నె అడగండి. తర్వాత ల్ప్యూయి పప్పు. ఫ్రాన్స్ మధ్యలో అగ్నిపర్వతాల నేల మీద పండేది. మన మైసూరుపప్పు జాతే, పొట్టుతో, ముదురాకుపచ్చగా, ఉడికినా చెదరదు. దాన్లో పంది ముక్కలు వేసే అలవాటుంది, లేకుండా చెయ్యమనాలి. మేక పాల ఛీజ్ వేడిచేసి బీట్‌రూట్‌తో, తేనెతో ఇచ్చే సలాడ్ ఉంటుంది. ఛీజ్ విషయంలో పట్టింపు ఉంటే చెప్పండి. కొన్నిటిని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. దాని పేరు ఇక్కడ 'లోపె'. మా అత్తగారికి నేను ఆ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. మీరు చెప్తారో లేదో మీ ఇష్టం.

తీపిలో చిక్కు. క్రెమ్ బ్రూలే పైన కాల్చిన పంచదార పెళ్ళ పగలగొట్టుకుని తింటుంటే ప్రాణం లేచొస్తుంది గానీ దాని ఒళ్ళంతా పచ్చసొన. చాక్లెట్ మూస్‌లోనూ గుడ్డే. ఐస్‌క్రీమ్‌లోనూ ఉంటుంది తరచు. తార్త్ తతాన్ ఉంటే అదృష్టం. యాపిల్ ముక్కల్ని వెన్న, పంచదార పాకంలో మగ్గించి, పైన పొరల పిండి కప్పి కాల్చి బోర్లిస్తారు. పిండిలో గుడ్డు లేదని, పైన గుడ్డు రాయలేదని అడిగి, ఐస్‌క్రీమ్ బదులు గిలకొట్టిన మీగడ తెమ్మనండి.

గోదారోడు · మంగళవారం సాయంత్రం 6:30

కారం గురించి చిన్న చిట్కా. బ్యాగులో కారప్పొడి సీసా తీసుకెళ్ళకండి, వంటవాడు చూస్తే బాధపడతాడు. డిజాన్ ఆవ ముద్ద అడగండి, ఊరికే ఇస్తారు. కొత్తావకాయ మూడోరోజు జాడీ మూత తీస్తే ముక్కుకి తగిలే ఘాటుంది చూడండి, అదే. నాలుక మండదు, నడినెత్తిన తగులుతుంది. మిరియాల సాస్ ఉన్నా పర్లేదు. మన మలబారు వైపు సరుకే కదా తిరిగి తిరిగి ఇక్కడికొచ్చింది. ఆ సాస్‌లో కూడా ఎముకల రసం ఉంటుంది, మావగారికి ఫర్వాలేదో కాదో అడిగి.

మెనూలో ఎక్కడైనా 'డ్రాగన్' అని కనిపిస్తే కంగారు పడకండి. టారగన్ అనే ఆకుకి స్వీడిష్ స్పెల్లింగ్ అచ్చం అలాగే ఉంటుంది. సోంపు వాసనొస్తుంది.

కిస్టా_కుర్రాడు · మంగళవారం సాయంత్రం 7:01

టిప్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇవ్వాలా? మిషన్ మన మొహాన పెట్టి నిలబడతారు, చెమటలు పడతాయి.

వడ్డన · మంగళవారం సాయంత్రం 7:20

ఇవ్వక్కర్లేదు. ఇక్కడ చట్టం పెట్టిన కనీస వేతనం లేదు, యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందాల మీద జీతాలు నడుస్తాయి. టిప్ మీద బతికే పద్ధతి కాదు. రాత్రి భోజనం బాగుంటే బిల్లుని పై అంకెకి సర్ది ఇచ్చేవాళ్ళుంటారు. 930ని 1000 చేస్తారు. మధ్యాహ్నం ఎవరూ ఇవ్వరు.

మిషన్ గురించి ఒక హెచ్చరిక. కొన్ని పాత మిషన్లు ముందు మొత్తం ఎంత ఇస్తారో మిమ్మల్నే నొక్కమంటాయి. తర్వాత పిన్ అడుగుతాయి. మా దగ్గర ఒకాయన కబుర్లలో పడి మొత్తం అడిగిన చోట పిన్ నొక్కాడు. 640 బిల్లుకి ఏడు వేల చిల్లర. చూసి రద్దు చేశాం. ఆయన మొహం ఎర్రబడింది, డబ్బు పోబోయినందుక్కాదు, తన పిన్ మా అందరికీ తెలిసిపోయినందుకు.

మోడరేటర్ · మంగళవారం రాత్రి 8:00

ఫలానా హోటల్ మోసం చేసిందంటూ పేర్లతో రాసిన రెండు పోస్టులు తీసేశాం. అనుభవం రాయండి, పేరు వద్దు.

ఆకుకూర_ఎక్కడ · బుధవారం రాత్రి 10:50 (రెండు వారాల తర్వాత)

వెళ్ళొచ్చాం! శనివారం వదిలేసి మంగళవారానికి మార్చాను. ముందురోజు ఫోన్ చేశాను, స్వీడిష్‌లో మూడుసార్లు రిహార్సల్ వేసుకుని. అవతలాయన ఇంగ్లీషులో జవాబిచ్చాడు, అది వేరే సంగతి.

ఐదున్నరకి టేబుల్. అత్తగారు పట్టుచీర మార్చుకుని, దాని మీద స్వెటరు, దాని మీద మా ఆయన పాత కోటు తొడుక్కునేసరికి ఐదూ ముప్పావు. వీధి చివరేగా అనుకున్నాం. పదిహేను నిమిషాలు దాటితే టేబుల్ వేరేవాళ్ళకిచ్చేస్తారని అప్పుడు గుర్తొచ్చి పరిగెత్తాం. పట్టుచీరలో పరుగు. గుమ్మంలో కొక్కేలకి కోట్లు తగిలించాక చీర బయటపడింది. అప్పటిదాకా మామూలుగా ఉన్న హాలంతా ఒక్కసారి తలెత్తి చూసింది. పక్క టేబుల్ ముసలావిడ చీర అంచు చూపించి ఏదో అంది, అత్తగారు "కంచి" అన్నారు. ఇద్దరికీ అర్థమైపోయింది.

మావగారు బాతు చెప్పారు. గోదారోడు గారూ, మీ ఆవకాయ ఉపన్యాసం మొత్తం ఆయనకి ముందే వినిపించాను. ఒక ముక్క తిని, కళ్ళు మూసుకుని, "నిలవ మాంసమే, మా అమ్మమ్మ ఉప్పుచేప దాచినట్టు" అన్నారు. కింద పప్పు కూడా ఖాళీ చేశారు. ఆ పప్పు మా ఇంట్లో చేస్తే వంకలు పెడతారు.

అత్తగారికి వంటాయన విడిగా చేశాడు. కాల్చిన సెలరీ గడ్డ (ఓరుగల్లు గారూ, అవును, అదే), పుట్టగొడుగులు, పంది లేని పప్పు, పక్కన గ్రాతాన్ చిన్న గిన్నె. దుంప సగం వదిలేశారు. గ్రాతాన్ మాత్రం గిన్నె గీకి మరీ తిన్నారు. పప్పు తింటూ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు: "పప్పు బాగా ఉడికింది. ఉప్పూ సరిపోయింది. తాలింపు వెయ్యడం మర్చిపోయారు పాపం, పనిలో పడి." నేను నవ్వాపుకోలేక నీళ్ళు తాగాను. వడ్డించే అమ్మాయి ఏమైందని అడిగితే మా ఆయన ఉన్నదున్నట్టు అనువాదం చేసి చెప్పేశాడు. పరువు పోయిందనుకున్నా. ఆ అమ్మాయి లోపలికెళ్ళి చెప్పింది, వంటాయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. తాలింపు అంటే ఏమిటని అడిగాడు. అత్తగారు తెలుగులో, చేతులతో చెప్పారు: నూనె కాగాలి, ఆవాలు చిటపటలాడాలి, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువ, చివర్లో చుయ్యిమని పప్పులో. ఆ 'చుయ్యి'కి అనువాదం అక్కర్లేకపోయింది.

తార్త్ తతాన్ లేదు. సార్బే ఇచ్చారు, నలభై ఏళ్ళ పెళ్ళిరోజుకి నిమ్మకాయ ఐసు తిన్నట్టుంది అన్నారు మావగారు. తీపి విషయంలో ఓడిపోయాం, ఇంటికొచ్చి బొబ్బట్లే తిన్నాం.

చివర్లో మావగారు పెద్దరికంగా జేబులోంచి వంద క్రోనర్ల నోటు తీసి బిల్లు పుస్తకంలో పెట్టారు. అక్కడ నోట్లు తీసుకోరు, తలుపు మీదే రాసుంది. మావగారికి ఎంత చెప్పినా నమ్మరు. "డబ్బు తీసుకోని హోటలేంటమ్మా, సత్రమా?" బిల్లు 1,640. మా ఆయన 1,700 నొక్కాడు. జాగ్రత్తగా.

ఓరుగల్లు_బిడ్డ · బుధవారం రాత్రి 11:05

సగం గడ్డ వదిలిపెట్టిండ్రా! నా బాధ ఇప్పుడన్న అర్థమైందా అందరికి? అమ్మకు దండాలు.

పాత_స్టాక్‌హోమీ · గురువారం ఉదయం 6:40

వంటవాడు వంటగది వదిలి బయటికొచ్చాడంటే మంగళవారం మహిమ. శనివారమైతే రాడు.

కిస్టా_కుర్రాడు · గురువారం ఉదయం 9:15

అక్కా, హోటల్ పేరు చెప్పవూ? మా అమ్మానాన్న డిసెంబర్‌లో వస్తున్నారు. అసలే అప్పుడు మూడింటికే చీకటి పడుతుంది, ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచట్లేదు.

ఆకుకూర_ఎక్కడ · గురువారం మధ్యాహ్నం 12:02

చెప్పను తమ్ముడూ. పన్నెండే టేబుళ్ళు. నువ్వు చెప్తే కిస్టా మొత్తం దిగుతుంది. మీ ఇంటి దగ్గర నాలుగు వీధులు తిరుగు, కిటికీలో కొవ్వొత్తి ఉంటే మెనూ చదువు, ముందు ఒక మధ్యాహ్నం వెళ్ళి చూడు.

వడ్డన గారికి ఒక అర్జెంటు ప్రశ్న. అత్తగారు, మావగారు నిన్న నేను ఆఫీసులో ఉండగా ఇద్దరే అక్కడికెళ్ళి మధ్యాహ్నం భోజనం చేసొచ్చారట. నాకు చెప్పకుండా! ఇప్పుడేమో అత్తగారు ఇంట్లోంచి తాలింపు డబ్బా పట్టుకెళ్ళి వంటాయనకి చూపిస్తానంటున్నారు. ఇంగువతో సహా. ఆపే మార్గం ఏమైనా ఉందా?

వడ్డన · గురువారం మధ్యాహ్నం 12:41

ఆపకండి. భోజనాల వేళ మాత్రం పంపకండి. నాలుగింటికి వెళ్ళమనండి, సాయంత్రం తలుపులు తెరిచే ముందు వంటగదివాళ్ళు కూర్చుని తినే సమయం అదే. ఇంగువ డబ్బా మూత మాత్రం గట్టిగా బిగించి ఇవ్వండి, అక్కడ వెన్నంతా బయటే ఉంటుంది.